పాత చైనా పిల్లులు, ఢోలక్‌పూర్ పిల్లవాడు: పిల్లల యానిమేషన్ కథల్లో చరిత్ర

శాసనాలు, నాణేలు, తవ్వకాల్లో దొరికిన వస్తువులు, విదేశీ యాత్రికుల రాతలు చరిత్ర రచనకు ఎలా ఆధారాలవుతాయో ఇంతకుముందు భాగాల్లో తెలుసుకున్నారు. ఈ భాగంలో తీసుకుంటున్న ఆధారం వాటిలా గంభీరంగా కనిపించదు. అది పిల్లల కోసం తీసిన యానిమేషన్ కథ. అందులోనూ పాత కాలంలో, పాత రాజ్యాల్లో జరిగినట్టు చెప్పే కథ.

ఇలాంటి కథను పరిశీలించేటప్పుడు ఒక సంగతి మొదటే గుర్తుంచుకోవాలి. పాత చైనా గురించి తీసిన బొమ్మల కథ పాత చైనాకు సాక్ష్యం కాదు. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎవరి డబ్బుతో, ఎవరి చేతులతో తయారు చేశారో ఆ కాలానికి అది సాక్ష్యం. గుడి కట్టించిన రాజు శాసనంలో రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఉండవు. ఈ కథల్లోనూ గీతలు గీసినవాళ్ల పేర్లు చివర్లో చిన్న అక్షరాల్లో వచ్చి, చదివేలోపే పోతాయి.

పాశమైలారం, ఇస్నాపూర్, పటాన్‌చెరు ప్రాంతాల్లో ఉద్యోగం చేస్తూ చదువుతున్న విద్యార్థులకు ఈ విషయం తమకు సంబంధం లేనిదిగా తోచవచ్చు. నిజానికి మీకే ఇది త్వరగా అర్థమవుతుంది. ఒకచోట తయారై, ఇంకోచోటి కంపెనీ పేరు అతికించుకుని మార్కెట్లోకి వెళ్లే సరుకు ఎలా ఉంటుందో పారిశ్రామికవాడలో పనిచేసేవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లో యానిమేషన్ కూడా మొదట అలాంటి సరుకుగానే ఎదిగింది. అయితే ఆ సంగతికి వచ్చేముందు ఒక పిల్లి కథ చూద్దాం.

సిరాబుడ్డిలో పడ్డ పిల్లి

2001 సెప్టెంబర్ 3న అమెరికాలోని ప్రజా ప్రసార సంస్థ పీబీఎస్, 'సాగ్వా, ద చైనీస్ సయామీస్ క్యాట్' అనే పిల్లల ధారావాహికను మొదలుపెట్టింది. కెనడాలోని మాంట్రియల్ నగరానికి చెందిన సినేగ్రూప్, 'సెసమీ స్ట్రీట్' తీసే సెసమీ వర్క్‌షాప్ కలిసి దీన్ని తీశాయి. మొత్తం 40 భాగాలు. దీనికి మూలం అమీ టాన్ 1994లో ప్రచురించిన పిల్లల పుస్తకం; దానికి బొమ్మలు వేసినవారు గ్రెచెన్ షీల్డ్స్. అమీ టాన్ 1952లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో, చైనా నుంచి వలస వచ్చిన దంపతులకు పుట్టిన రచయిత్రి. పెద్దల కోసం రాసిన 'ద జాయ్ లక్ క్లబ్' నవలతో 1989లో ఆమెకు పేరు వచ్చింది.

పుస్తకంలో ఒక తల్లిపిల్లి తన కూనలకు వాళ్ల పూర్వీకురాలి కథ చెబుతుంది. అప్పట్లో చైనాలో ఒక మేజిస్ట్రేటు ఉండేవాడు. ఊరికే ప్రజల మీద ఆజ్ఞలు జారీ చేయడం అతని పని. ఆయన ఇంట్లో ఉండే పిల్లి దంపతులు తమ తోకలను సిరాలో ముంచి ఆ ఆజ్ఞలు రాయాలి. ఒకరోజు, సూర్యుడు అస్తమించేదాకా జనం పాటలు పాడకూడదని ఆజ్ఞ. ఆ దంపతుల కూన సాగ్వా సిరాబుడ్డిలో పడి, లేచి, కాగితం మీద నడిచింది. 'కూడదు' అనే మాట మీద సిరా మరక పడింది. తెల్లారి చదివి వినిపిస్తే, సూర్యుడు అస్తమించేదాకా జనం పాడి తీరాలని అర్థం వచ్చింది. జనం పాడారు. ఆ పాట విని మేజిస్ట్రేటు మెత్తబడ్డాడు. చైనా పిల్లులకు మొహం, చెవులు, పాదాలు, తోక నల్లగా ఉండటానికి కారణం ఇదేనని కథ.

పేర్లలో ఉన్న హాస్యం అనువాదంలో పోతుంది కాబట్టి చెప్పాలి. చైనా భాషలో దోంగ్వా అంటే బూడిద గుమ్మడికాయ. షీగ్వా అంటే పుచ్చకాయ. ఇవి సాగ్వా అన్న, చెల్లెళ్ల పేర్లు. సాగ్వా అనే మాటలోనూ 'గ్వా', అంటే కాయ, ఉంది; కానీ అది మందమతి, పిచ్చిమొద్దు అనే అర్థంలో వాడే ముద్దుతిట్టు. మన ఇళ్లలో ముద్దగా ఉన్న పిల్లవాణ్ణి 'గుమ్మడికాయ' అని పిలిచినట్టే. ధారావాహికలో ఈ ముగ్గురు, వాళ్ల అమ్మానాన్నలు, తాతామామ్మలు, ఫూఫూ అనే గబ్బిలం స్నేహితుడు కలిసి చింగ్ వంశ పాలన చివరి రోజుల నాటి ఒక మేజిస్ట్రేటు లోగిలిలో బతుకుతారు. పాఠ్యపుస్తకాల్లో దీన్నే మంచూ వంశం అని చదివారు. అది 1644 నుంచి 1912 వరకు చైనాను పాలించింది.

ఆ కథ ఎవరికి జవాబు?

సయామీస్ జాతి పిల్లి చైనాది కాదు. సయాం అంటే ఇప్పటి థాయిలాండ్. అక్కడి పాత రాతప్రతుల్లో ఇలాంటి పిల్లుల వర్ణనలున్నాయి. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన పిల్లుల ప్రదర్శనలో యూరప్ జనం వాటిని చూశారు. నల్లని మొహానికి కారణం సిరా కాదు, ఒక జన్యు లక్షణం. రంగునిచ్చే ఎంజైము వెచ్చగా ఉన్న శరీర భాగాల్లో పని చేయదు, చల్లగా ఉండే చెవులు, ముక్కు, పాదాలు, తోక దగ్గర మాత్రమే పని చేస్తుంది. అందుకే తల్లి కడుపులోని వెచ్చదనం నుంచి వచ్చిన కూనలు పుట్టినప్పుడు తెల్లగా ఉంటాయి.

అమీ టాన్‌కు ఇదంతా తెలియక కాదు. ఆమె తన చరిత్రను తానే కల్పించుకునే హక్కును ఆడుకుంటూ వాడుకుంది. దీని వెనక అమెరికాలో చైనావారి చరిత్ర ఉంది. 1882లో అమెరికా కాంగ్రెస్ చైనా కూలీల వలసను నిషేధిస్తూ చట్టం చేసింది. అది 1943 దాకా అమల్లో ఉంది. చట్టం పోయినా వెక్కిరింపు పోలేదు. 1955లో డిస్నీ తీసిన 'లేడీ అండ్ ద ట్రాంప్'లో రెండు సయామీస్ పిల్లులు వంకర ఇంగ్లీషులో పాడుతూ ఇల్లంతా పాడుచేస్తాయి. 1970 నాటి 'ద అరిస్టోక్యాట్స్'లో ఒక సయామీస్ పిల్లి అన్నం తినే పుల్లలతో పియానో వాయిస్తుంది. తర్వాత ఆ సినిమాల ముందు, ఇందులోని చిత్రణ తప్పు అని డిస్నీ హెచ్చరిక వేసింది. అది వేసింది 2020లో మాత్రమే. అప్పటికి మూడు తరాల పిల్లలు ఆ పాట నేర్చుకున్నారు.

ఈ నేపథ్యంలో చూస్తే సాగ్వా ఒక జవాబు. వెక్కిరింపుకు వాడిన పిల్లినే తీసుకుని, దానికి ఒక ఇల్లు, కుటుంబం, మర్యాద, తెలివి ఇచ్చారు. కాబట్టి ఈ కార్టూను 19వ శతాబ్దపు చైనాకంటే 20వ శతాబ్దపు అమెరికా గురించి ఎక్కువ చెబుతుంది.

కచేరీ గోడ అవతల

అయినా అందులోని చైనాను అసలు చైనాతో పోల్చి చూడటం మంచి అభ్యాసం. మేజిస్ట్రేటు అనే పదవి నిజమైనదే. చింగ్ సామ్రాజ్యంలో సుమారు 1,300 కౌంటీలుండేవి. ఒక్కోదానికి ఒక మేజిస్ట్రేటు. పన్ను వసూలు, న్యాయ విచారణ, శాంతిభద్రతలు, కరువు సాయం అన్నీ అతని నెత్తినే. నిజాం కాలంలో తహసీల్దారు కచేరీ గురించి చదివినవారికి ఆ వాతావరణం ఊహకు అందుతుంది. సొంత రాష్ట్రంలో ఎవరినీ మేజిస్ట్రేటుగా నియమించేవారు కాదు. బంధుప్రీతి వద్దని ఆ నియమం. ఫలితంగా అతనికి చాలాసార్లు స్థానిక మాండలికమే తెలిసేది కాదు. ఊరివాళ్లయిన గుమాస్తాలు, బంట్రోతుల మీద ఆధారపడేవాడు. వాళ్లకు జీతం అంతంతమాత్రం, మామూళ్లే ఆదాయం. అంటే ఆజ్ఞను అసలు 'రాసేది' మేజిస్ట్రేటు కాదు, కింద ఉన్న గుమాస్తాలే. పిల్లులు తోకలతో ఆజ్ఞలు రాస్తాయనే కల్పనలో ఇంత నిజం దాగి ఉంది. నాకు ఈ ధారావాహికలో అన్నిటికంటే చారిత్రకంగా కనిపించేది ఇదే.

లేనిది ఏమిటి? 19వ శతాబ్దపు చైనాను కుదిపేసినవి నల్లమందు యుద్ధాలు (1839–42, 1856–60), తైపింగ్ తిరుగుబాటు (1850–64). పిల్లల ధారావాహిక వాటి జోలికి పోదు. పోనక్కర్లేదు కూడా. కానీ ఈ లేనితనం మన ప్రాంతంలో చదివేవారికి ప్రత్యేకంగా పట్టింపు కావాలి. చైనాకు వెళ్లిన నల్లమందు ఎక్కడిది? మాల్వా నల్లమందు బొంబాయి గుండా వెళితే, కంపెనీ గుత్తాధిపత్యంలోని నల్లమందు పాట్నా, ఘాజీపూర్ ఫ్యాక్టరీల్లో ఉండలు చుట్టి, పెట్టెల్లో పేర్చి, కలకత్తాలో వేలం వేసినది. బీహార్, తూర్పు ఉత్తరప్రదేశ్ రైతులు కంపెనీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి, గిట్టుబాటు కాకపోయినా గసగసాల పంట వేసేవారు. 1839లో లిన్ జెషూ అనే చింగ్ అధికారి నాశనం చేయించిన 20,000కు పైగా పెట్టెల వెనక ఆ రైతులూ ఆ ఫ్యాక్టరీ కూలీలూ ఉన్నారు. ఈనాడు పాశమైలారం గదుల్లో ఉంటూ షిఫ్టులకు వెళ్లే బీహార్, ఉత్తరప్రదేశ్ కార్మికుల్లో కొందరి పూర్వీకుల జిల్లాలు అవే. పాత చైనా కథ వాళ్ల ఇంటి కథ కూడా. అది ఏ కార్టూనులోనూ ఆ రూపంలో రాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: సాగ్వా కథలో ఆజ్ఞ మారడానికి కారణం తిరుగుబాటా, ప్రమాదమా? ఈ తేడా కథ చెప్పేవారి గురించి ఏం తెలుపుతుంది? ఐదారు వాక్యాల్లో రాయండి.

మన కొలువులో పిల్లి

పై ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు మీకు తెలిసిన ఇంకో పిల్లి గుర్తుకు రావాలి. శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509–1529) నగరంలో ఎలుకల బెడద పెరిగిందని ఇంటింటికీ ఒక పిల్లిని, దానికి పాలకోసం ఒక ఆవును ఇచ్చాడనీ, తెనాలి రామకృష్ణుడు మొదటి రోజే కాగే పాలు పెట్టి పిల్లి మూతి కాల్చాడనీ, ఆ తర్వాత అది పాలు చూస్తేనే పారిపోయేదనీ, ఆవు పాలు ఆయన ఇంటివాళ్లు తాగారనీ కథ. రాజు తనిఖీకి వస్తే ఎండిపోయిన పిల్లి పాలగిన్నె దగ్గర నిలబడలేదు. ఇది చరిత్ర కాదు, జానపదం. రాయల కాలపు ఏ శాసనమూ దీన్ని చెప్పదు.

రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ పాలకుడు పైనుంచి ఒక ఆజ్ఞ వేస్తాడు. రెండింటిలోనూ పిల్లి ద్వారా ఆ ఆజ్ఞ తలకిందులవుతుంది. కానీ సాగ్వా కథలో పిల్లి పొరపాటున మేలు చేస్తుంది, పాలకుడు మారతాడు. తెనాలి కథలో మనిషి కావాలనే చేస్తాడు, పాలకుడు నవ్వుతాడు, వ్యవస్థ అలాగే ఉంటుంది, పిల్లికి మూతి కాలుతుంది. 'పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం' అనే సామెతను ఇక్కడ తిరగరాయాల్సి వస్తుంది. పిల్లల కథ అని మనం తేలిగ్గా తీసుకునే వాటిలో అధికారం గురించి ఇలాంటి పాఠాలుంటాయి. ఏ కథ మంచిదని అడగడం కాదు. ఏ కథ ఏ పిల్లవాడికి ఏ ఆశ ఇస్తుందో గమనించడం ముఖ్యం.

తెలుగు పిల్లలకు ఈ 'పాత రాజ్యం' ఎలా ఉంటుందో మొదట బొమ్మల్లో చూపింది 'చందమామ'. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో దాన్ని ప్రారంభించారు. దాసరి సుబ్రహ్మణ్యం జానపద ధారావాహికలు, చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య వంటివారి బొమ్మలు కలిసి ఒక లోకాన్ని తయారుచేశాయి. కిరీటాలు, కోటబురుజులు, అడవి, మాంత్రికుడు. ఆ రాజ్యానికి కాలం లేదు, ఎల్లలు లేవు. పత్రిక తెలుగు, తమిళాల్లో ఒకేసారి మొదలై తర్వాత ఎన్నో భాషల్లోకి వెళ్లింది. తెలుగువాళ్ల కథ దేశమంతా వెళ్లిన దారి అది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని అవసరం వస్తుంది.

కూలిగీతల నుంచి ఢోలక్‌పూర్ దాకా

యానిమేషన్‌లో సెకనుకు 24 చిత్రాలు తెర మీద నడుస్తాయి. 22 నిమిషాల భాగానికి లెక్కవేస్తే 31,680. ఒక్కో బొమ్మను రెండుసార్లు వాడితే సగం, 15,840. నేపథ్యాలు, పెదాల కదలికలు మళ్లీ మళ్లీ వాడుకుని ఇంకా తగ్గించినా పని కొండంత. అందుకే ఈ పరిశ్రమలో పని విభజన తొందరగా వచ్చింది. కథ, పాత్రల రూపకల్పన, స్టోరీబోర్డు ఒకచోట. ముఖ్యమైన భంగిమల మధ్య వచ్చే బొమ్మలు గీయడం, శుభ్రం చేయడం, రంగులు నింపడం కూలి తక్కువగా ఉన్న ఇంకోచోట. 1960ల నుంచి అమెరికా కంపెనీలు జపాన్‌కు, తర్వాత దక్షిణ కొరియాకు, తైవాన్‌కు, ఫిలిప్పీన్స్‌కు, చైనాకు ఈ పనిని పంపాయి. 1990లలో భారతదేశం వంతు వచ్చింది. బల్క్ డ్రగ్ కంపెనీ మధ్యరసాయనాన్ని తయారుచేసి పంపితే మాత్ర మీద పేరు ఇంకొకరిది అయినట్టు, ఇక్కడ మధ్యబొమ్మ మనది, పేరు ఇంకొకరిది.

ఆర్డరు మీద బొమ్మ వేయడం మన ప్రాంతానికి కొత్త కాదనే మాటా చెప్పుకోవాలి. చేర్యాల నకాషీ చిత్రకారులు గజాల కొద్దీ గుడ్డ మీద వరసగా గదులు గీసి కులపురాణాలు చిత్రించేవారు. కథ చెప్పే ఆశ్రిత కులాలవారు ఆ పటాన్ని ఆర్డరిచ్చి వేయించుకుని, ఊరూరా తిప్పి, ఒక్కో గదినీ కర్రతో చూపిస్తూ రాత్రంతా పాడేవారు. ఒకరకంగా అది చేత్తో నడిపే సినిమా. అయితే అక్కడ ఆర్డరిచ్చినవాడు, గీసినవాడు, చూసినవాడు ఒకే నాలుగైదు తాలూకాల మనుషులు. మాంట్రియల్‌కో లాస్ ఏంజెలెస్‌కో పనిచేసేటప్పుడు గీసే చేయి చూసే కంటిని ఎన్నడూ కలుసుకోదు.

హైదరాబాద్ కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది. నగరంలో డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ వంటి సంస్థలు యూరప్, అమెరికా కంపెనీలకు పనిచేస్తూ, భాగస్వామ్యంలో 'జంగిల్ బుక్' వంటి ధారావాహికలు తీశాయి. 2001లో, అంటే సాగ్వా ప్రసారం మొదలైన సంవత్సరంలోనే, రాజీవ్ చిలక గ్రీన్ గోల్డ్ యానిమేషన్‌ను స్థాపించారు. అమెరికాలో యానిమేషన్ చదివి వచ్చిన ఆయన కూలిపనికంటే సొంత పాత్రల మీదే దృష్టి పెట్టారు. 2008 ఏప్రిల్‌లో పోగో చానల్లో 'ఛోటా భీమ్' మొదలైంది. భారతదేశంలో తయారైన ఒక కార్టూను విదేశీ కార్టూన్లను దాటి పిల్లల నోళ్లలో నానడం అదే మొదలని చెప్పవచ్చు. ఆ పాత్రల బొమ్మలు స్కూలు సంచుల మీదికి, టిఫిన్ డబ్బాల మీదికి, పుట్టినరోజు కేకుల మీదికి ఎక్కాయి. పాత్ర ఎవరి సొత్తో ఆదాయం వాళ్లది. మధ్యబొమ్మలు గీసి పంపినవాళ్లకు ఈ భాగం ఎప్పుడూ రాదు. హైదరాబాద్ ఈ మెట్టు ఎక్కడం చిన్న విషయం కాదు.

ఢోలక్‌పూర్ ఏ కాలపు రాజ్యం? రాజు ఇంద్రవర్మ, రాకుమారి ఇందుమతి, కోట, పల్లె, లడ్డూలు చేసే టున్‌టున్ మౌసీ, మాట్లాడే కోతి జగ్గు. ఇది చందమామ రాజ్యానికి వారసురాలు. కాలం లేని పాతకాలం. అక్కడ సాధారణంగా రాజు మంచివాడే, ఆపద బయటినుంచి వస్తుంది, పిల్లవాడు బలంతో గెలుస్తాడు. రాజు ఆజ్ఞ మీద సిరా మరక పడే అవకాశం తక్కువ. తెనాలి పిల్లి ఉన్న కొలువుతో పోలిస్తే ఇది కొంచెం విధేయమైన కొలువు అని నా అభిప్రాయం. ఇంకో కోణంలో, కండలు తిరిగిన రాకుమారుడు కాకుండా పల్లెపిల్లవాడు కథానాయకుడు కావడం చందమామ కంటే ఒక అడుగు ముందుకే.

ఇక చైనా. 2019 మే 10న రాజీవ్ చిలక దర్శకత్వంలో 'ఛోటా భీమ్: కుంగ్‌ఫూ ధమాకా' విడుదలైంది. భీమ్, స్నేహితులు కుంగ్‌ఫూ పోటీకి చైనా వెళతారు. అక్కడి రాకుమారి అపహరణకు గురవుతుంది, వీళ్లు కాపాడతారు. అంటే పీబీఎస్ తెర మీద పాత చైనా కనిపించిన 18 ఏళ్లకు, హైదరాబాద్ స్టూడియో తన సొంత పాత చైనాను 3డిలో కట్టింది. ఈ చైనా ఎక్కడిది? చింగ్ పాలన నాటి కచేరీ కాదు, కాగితం కాదు, సిరా కాదు. హాంకాంగ్ కుంగ్‌ఫూ సినిమాలు మన టూరింగ్ టాకీసుల్లో, వీడియో పార్లర్లలో ఆడిన కాలం నుంచి మన మనసుల్లో నిలిచిన చైనా. పోటీ, గురువు, కొండలు, అపహరణ. అమీ టాన్‌కు చైనా తల్లిదండ్రుల ఇల్లు. మనకు అది సినిమా హాలు. రెండు స్టూడియోలూ పాత చైనా అనే ఒకే పేరు పెట్టినా, చేరుకున్నది రెండు వేర్వేరు దేశాలు.

భాష సంగతి

'ఛోటా', 'చుట్కీ', 'మౌసీ', 'ఢోలక్‌పూర్'. హైదరాబాద్‌లో పుట్టిన పాత్రలకు హిందీ పేర్లు ఎందుకు? ప్రకటనల మార్కెట్ జాతీయం కాబట్టి. ఒక భాగానికి అయ్యే ఖర్చు తెలుగు ప్రకటనలతో రాదు, హిందీలో తీసి తెలుగులోకి డబ్బింగ్ చేస్తే వస్తుంది. చందమామ దారి తెలుగు నుంచి ఇతర భాషలకు. కార్టూను దారి హిందీ నుంచి తెలుగుకు. 2009లో తెలుగు పిల్లల కోసం ప్రత్యేకంగా 'ఖుషీ' చానల్ వచ్చినప్పుడు అందులో నిండినదీ ఎక్కువగా డబ్బింగ్ సరుకే. తెలుగులో తీసిన యానిమేషన్ సినిమా 'కిట్టు' 2006 సంవత్సరానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. పురస్కారం వచ్చింది గానీ దాని వెనక తెలుగు యానిమేషన్ పరంపర ఏర్పడలేదు.

దీన్ని నష్టంగా మాత్రమే చూడటం తొందరపాటు. ఇస్నాపూర్ చౌరస్తా చుట్టుపక్కల అద్దెగదుల వరసల్లో తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీ మాట్లాడే ఇళ్ల పిల్లలు ఒకే గుమ్మం ముందు ఆడుకుంటారు. వాళ్లకు ఉమ్మడిగా ఉన్న కొద్ది కథల్లో భీమ్ ఒకటి. గ్రీన్ గోల్డ్ 2019లోనే నెట్‌ఫ్లిక్స్ కోసం తీసిన 'మైటీ లిటిల్ భీమ్'లో పసి భీముడికి మాటలే లేవు. భాష సమస్యను దాటడానికి భాషనే తీసేశారు. వ్యాపారపరంగా తెలివైన పని. కానీ మాట లేని కథలో సామెత ఉండదు, తెనాలి రామకృష్ణుడి గడుసు జవాబు ఉండదు, 'గ్వా' అంటే గుమ్మడికాయ అనే ముద్దుతిట్టూ ఉండదు. పిల్లవాడు భాష నేర్చే వయసులో చూసే కథలోంచి భాష జారిపోవడం మీద చరిత్ర విద్యార్థి కంటే భాషా విద్యార్థి ఎక్కువ రాయాలి. ఇక్కడికి ఇంతే.

యాత్రికుడి కోతి

చివరగా, చైనా వాళ్లు తమ పిల్లల కోసం ఏం తీసుకున్నారో చూడాలి. 1941లో షాంఘైలో వాన్ సోదరులు తీసిన 'ప్రిన్సెస్ ఐరన్ ఫ్యాన్' చైనా మొదటి పూర్తి నిడివి యానిమేషన్ చిత్రం. నగరం చుట్టూ జపాన్ సైన్యం ఉన్న రోజుల్లో తీసిన సినిమా అది. రాక్షసరాజును జనమంతా కలిసి ఓడించే ఘట్టాన్ని ఆనాటి ప్రేక్షకులు ఎలా అర్థం చేసుకున్నారో ఊహించడం కష్టం కాదు. 1957లో షాంఘై యానిమేషన్ ఫిల్మ్ స్టూడియో ఏర్పడింది. అదే స్టూడియో 1960లలో 'హావక్ ఇన్ హెవెన్' తీసింది, 1984లో పోలీసు నల్లపిల్లి కథ 'బ్లాక్ క్యాట్ డిటెక్టివ్' మొదలుపెట్టింది. ఒక తరం చైనా పిల్లలకు పిల్లి అంటే సాగ్వా కాదు, ఈ నల్లపిల్లి.

'ప్రిన్సెస్ ఐరన్ ఫ్యాన్', 'హావక్ ఇన్ హెవెన్' రెండింటికీ మూలం 16వ శతాబ్దపు చైనా నవల 'పడమటి యాత్ర'. అందులో కోతిరాజును వెంటబెట్టుకుని బౌద్ధ గ్రంథాల కోసం భారతదేశానికి బయలుదేరే భిక్షువు మీరు పాఠాల్లో చదివిన హ్యుయాన్‌త్సాంగే. ఆయన 7వ శతాబ్దంలో, సుమారు 639–640 ప్రాంతంలో, ఆంధ్రదేశానికి వచ్చాడు. వేంగి రాజధానిని, ధాన్యకటకాన్ని వర్ణించాడు. పాడుబడిన విహారాలను కూడా వదలకుండా రాశాడు. అంతకు ముందే, 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకు వీరపురుషదత్తుడి కాలపు నాగార్జునకొండ శాసనం సింహళ భిక్షువులు ధర్మం చేరవేసిన దేశాల జాబితాలో కాశ్మీరం, గాంధారం పక్కన చీనాను పేర్కొంది.

నవల రాసినవాడికి మాత్రం ధాన్యకటకం పట్టలేదు. అతని భారతదేశం రాక్షసులు నిండిన దారి చివర ఉన్న పడమటి స్వర్గం. మన కుంగ్‌ఫూ చైనా ఎంత కల్పనో, వాళ్ల పడమటి స్వర్గం అంతే కల్పన. నిజంగా నడిచి వచ్చి, చూసి, రాసిపెట్టిన మనిషి ఇద్దరి మధ్యా ఉన్నాడు. అతని పుస్తకం కంటే అతని కోతి ఎక్కువ ప్రసిద్ధి.

అభ్యాసం

పాత కాలంలో జరిగినట్టు చూపే ఏదైనా యానిమేషన్ కథ ఒక భాగం మీ ఇంట్లో లేదా పక్కింట్లో పిల్లలతో కలిసి చూడండి. దుస్తులు, పాత్రలు, ఇళ్లు, పదవులు, డబ్బు, తిండి విషయంలో కనిపించినవి రాసుకుని, వాటిలో ఏవి ఏ కాలానికి సరిపోతాయో మీ పాఠ్యపుస్తకంతో సరిచూడండి. చివర్లో వచ్చే పేర్లను ఆపి చదవండి; ఏ పని ఏ దేశంలో జరిగిందో నమోదు చేయండి. తర్వాత వీలు చూసుకుని సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ మ్యూజియానికి వెళ్లండి. గులాం యాజ్దానీ ఆధ్వర్యంలో 1940ల మొదట్లో తవ్విన ఆ శాతవాహన నగరంలో దొరికిన నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు చూసి, ఆ కాలంలో ఆ ఊళ్లో ఉన్న ఒక పిల్లి కుటుంబం మీద ఐదు నిమిషాల కథ రాయండి. మ్యూజియంలో కనిపించని వస్తువేదీ అందులో ఉండకూడదు. ఉంటే, అది ఎందుకు అవసరమైందో పక్కన రాయండి.